గోటి మీద బాణం

మాసా వీపులోంచి లాగిన బాణం వంకరగా ఉంది.

కేసా దాన్ని మరోసారి బొటనవేలి గోటి మీద నిలబెట్టి, రెండో చేత్తో చురుగ్గా తిప్పాడు. తిన్నని బాణం తిరుగుతుంటే గోటికి తెలియనే తెలియదు. ఇది గిలగిలా కొట్టుకుంది. ఈకల కింద నార చుట్టిన తీరు తనదే. పుల్ల కోసిందీ, నిప్పుల మీద కాచి మోకాలికి ఆనించి వంపు తీసిందీ తనే.

"ఏమైంది? చెప్పు కేసా," అన్నాడు పటేల్ హుంగా.

కిష్టారం ఊరంతా చుట్టూ కూర్చుంది. మధ్యలో కేసా మేనల్లుడు బండి తల దించుకుని ఉన్నాడు. విత్తనాల పండుగ వేటలో అతను అడవిపందికి వేశానన్న బాణం, పొద పక్కన నక్కి ఉన్న మాసాను పొట్టన పెట్టుకుంది. పోయిన ఎండాకాలం ఇప్పచెట్టు కోసం వాళ్ళిద్దరూ కొట్టుకున్నారు. పెద్దలు కూర్చోబెట్టి రాజీ చేశారు. బండి గురి తప్పడని అందరికీ తెలుసు. బాణం తిన్నగా ఉంటే కావాలని కొట్టినట్టే. పోలీసు దారోగాకి అప్పగిస్తారు, జగదల్‌పూర్ తీసుకుపోయి ఉరి తీస్తారు. వంకరగా ఉంటే తప్పు వేసినవాడిది కాదు, చేసినవాడిది.

"వంకరుంది," అన్నాడు కేసా.

"ఒంట్లో దిగినప్పుడు వంగిందేమో?"

అలాగే అనేస్తే తనకు నింద తప్పేది. కేసా తల అడ్డంగా ఊపాడు.

"ఒంట్లో దిగితే విరుగుద్ది గాని ఇంత సాఫుగ వంగదు, పటేలా. ఇది నిప్పుకాడ జరిగిన తప్పు. నాదే."

బండి తలెత్తి మేనమామ వైపు చూశాడు. మళ్ళీ దించుకున్నాడు.

కేసాను ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ మర్నాటి నుంచి ఒక్కొక్కరే వచ్చి, అతను చేసిన బాణాలు వాకిట్లో పెట్టిపోయారు. చివరికి మాసా పెళ్ళాం సన్నే కూడా వచ్చింది. మొగుడి బాణాలు కుప్ప మీద పెట్టి, కేసా ముఖం చూడకుండా వెళ్ళిపోయింది.

కేసా భార్య ఇర్మె ఆ కుప్ప ముందు కూర్చుని ఒక్కో బాణాన్నీ గోటి మీద తిప్పింది.

"అన్నీ తిన్నగున్నయ్. ఆ ఒక్కటే ఎట్ల వంకరైంది?"

"ఒక్కటి చాలదా?"

"నీ చేతికి తప్పు రాదని నేను చెప్తున్న."

"వచ్చిందని బాణమే చెప్పింది గద."

"అయితే నేను నీకు పెళ్ళాంగ కాదు, బాణంగ పుట్టాల్సింది. అప్పుడన్న నా మాట నమ్ముదువు!"

కేసాకు నవ్వు రాలేదు. ఇర్మె గొంతు తగ్గించింది.

"పాపం, బండిగాడు గూడ తిండి మానేసిండు. ఆ రాత్రి అడవిల అందరూ అలిసి పడుకుంటే, వాడొక్కడే శవం కాడ మంట ఆరకుండ తెల్లందాక కూసున్నడంట."

"మంచి పిలగాడు. నా మూలంగ వాడికి ఇంత పాపం చుట్టుకుంది."

బాణాలు తప్ప మరో పని తెలియని కేసాకు ఇక ఊళ్ళో పనేమీ మిగల్లేదు. వాగు అవతల కట్టె కొట్టే పనికి పోతానన్నాడు. ఇర్మె ఏడ్చింది, తిట్టింది, చివరికి మూట కట్టింది. కుదురుకున్నాక కబురు చేస్తాననీ, అప్పుడు రమ్మనీ చెప్పి అతను బయల్దేరాడు.

బండి ఆ మూట నెత్తిన పెట్టుకుని వాగు దాకా వచ్చాడు. అవతలి ఒడ్డు నుంచి బస్తరు రాజ్యం కాదు.

"మామా, నువ్వుండు. నేను పోత."

"నువ్వెందుకు? నా పని నమ్మినవ్, అంతే గద నువ్వు చేసింది."

"అత్త ఒక్కతే ఎట్లుంటది?"

"నువ్వున్నవ్ గద. బాణాలు చేసుడు నేర్చుకో అల్లుడా. నా లెక్క మాత్రం తాగి నిప్పుకాడ కూసోకు."

"ఎప్పుడు తాగినవ్ నువ్వు?"

"ఆ బాణం కాచిన పొద్దు. జీలుగు కల్లు తాగి కూసున్న. అప్పుడే కాక సరిపోక వంపు మిగిలుంటది."

"ఆ పొద్దు నేను పక్కనే ఉన్న మామా. నువ్వు చుక్క ముట్టలేదు."

"ముట్టే ఉంట. నీకు యాదికి లేదు."

"ముట్టలే."

"మరి ఎట్లైందిరా?" అన్నాడు కేసా. "రోజూ అదే ఆలోచిస్తున్న. పుల్ల ఎండిందే. నిప్పు సరిగనే ఉన్నది. వంపు తీసి చూసుకున్న, కన్నుకు ఆనించి చూసుకున్న, గోటి మీద తిప్పి చూసుకున్న. తాగి ఉండకపోతే మాసా ఎట్ల చచ్చిపోయిండు? ఏదో ఒకటి చేసే ఉంట. చేసింది గుర్తుకొస్తే సన్నే కాళ్ళ మీద పడి అదే చెప్పుకుంట. గుర్తుకొస్తలేదురా!"

అతను ఒడ్డున కూలబడ్డాడు. బాణం పుల్లల్ని వేడివేడిగా పట్టి బొబ్బలెక్కిన తన అరచేతుల్ని, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

బండి మూట దించాడు. మేనమామ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ రెండు చేతుల్నీ పట్టుకున్నాడు.

"నీ బాణం తిన్నగనే పోయింది మామా, ఆ రాత్రి శవం కాడి మంట మీద వంచింది నేనే."