ఒనగాదోరి ఈక

తత్సుకిచికి కోపమొస్తే తోసా సముద్రం రెండడుగులు వెనక్కి పోతుందని మా ఊళ్లో అంటారు.

ఆ రోజు పదడుగులు పోయుంటుంది.

తన ఒనగాదోరికి, అదే పొడుగు తోక పుంజుకి, ఆకుకూర కోసుకొని అతను పెరట్లోకి వచ్చేసరికి, తోక నేలకి తగలకుండా దాన్ని ఉంచే నిలువు పెట్టె తలుపు తీసి ఉంది. పైన అడ్డకర్ర మీద పుంజు. అక్కణ్ణించి ఏటి ధారలా కిందికి జారిన తోక. దాని ఎదురుగా ఎవరో ముసలామె.

చంకలో గుడ్డమూట. మూటలోంచి తొంగి చూస్తున్న తెల్లటి ఈక కొన.

పోయిన నెలే ఎవరో చూడ్డానికని వచ్చి ఒక ఈక పీక్కుపోయారు. ఆ ఈకలు రాలవు, పుంజు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ఒకటి పోయిందంటే ఏళ్ల పెంపకం పోయినట్టే.

"దొరికావే ముసలీ. ఈకలు పీకే ఆ చేతులు పడిపోనూ."

"ఇది మీ పుంజుది కాదు బాబూ."

"కాకపోతే కాకిదా?"

"తీసుకుపోవడానికి రాలేదయ్యా. ఇచ్చిపోదామనే వచ్చాను."

"పట్టుబడ్డాక దొంగలంతా దాతలే."

పక్కింటి కన్జి గోడ మీంచి తల పెట్టాడు. "ఇందాక కూసింది పుంజా, నువ్వా?"

"నువ్వు నోరు మూసుకో."

తత్సుకిచి మూట పట్టి లాగాడు. గుడ్డ చిరిగింది. ఉడికించిన చిలగడదుంపలు రెండు మట్టిలో దొర్లాయి. చుట్టలు చుట్టిన ఈక అతని చేతికొచ్చింది.

ముసలామె దుంపలకేసి చూడలేదు.

"ఒక్కసారి దాని కూత విని పోతాను బాబూ."

"నా చెప్పు కూత వింటావు. నడు."

ఆమె నడుం వంచి దణ్ణం పెట్టింది. తత్సుకిచికి కాదు, పుంజుకి. తర్వాత మెల్లగా బస్సు దారి పట్టింది.

పొలం నుంచి తల్లి షిగె వచ్చింది.

"ఎవర్నిరా అంతలా తిట్టావు? వరి మడి దాకా వినబడింది."

"ఈకల దొంగని. ఇదిగో, మన పుంజుదే పీకింది."

తల్లి ఈకను విప్పి పుంజు తోక పక్కన వేలాడదీసింది.

తోక నేలకి జానెడు పైనే ఆగింది. ఈక నేలను తాకి, పెట్టె గడప దాటి, బావి గట్టు దాకా పోయింది.

"ఇది దీనిదేనట్రా గుడ్డోడా?"

తత్సుకిచి వంగి ఈక కొనని బావి గట్టు మీంచి తీశాడు.

"ఇంత తోక మనింట్లో ఒక్క పుంజుకే ఉండేది. యుద్ధంలో పోయింది. నువ్వప్పటికి పాలు తాగుతున్నావు. ఎత్తుకుపోయింది ఎదురింటి తొమియె."

"అయితే దొంగేగా?"

తల్లి చేతిలోని బుట్ట ఎగిరొచ్చి అతని మొహానికి తగిలింది.

"మీ నాన్న రాళ్లేసి తరిమాడు. నువ్వు మూట చింపావు. బాగా నిలబెట్టావురా వంశం."

మొగుడు బతికుండగా నోరు విప్పి చెప్పలేని మాట ఒకటి అప్పుడు చెప్పింది.

తత్సుకిచి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. బస్సు వెళ్లిపోయింది. రోడ్డు మీద దుమ్మే మిగిలింది.

ఊరంతా ఆకలికి కోళ్లను కోసుకు తింటున్న ఏడాది, ఆ ఇంటి ఆఖరి పుంజునీ పెట్టనీ తత్సుకిచి తండ్రి కత్తి కిందనుంచి లాక్కుని కొండెక్కింది తొమియె. యుద్ధమయ్యాక ఆమె చాటుగా షిగె చేతికి పంపిన గుడ్లే, ఇవాళ మా ఊళ్లో ప్రతి పెరట్లోనూ తోకలు వేలాడేసుకుని కూస్తున్నాయి.