వెన్న వాసన

చొక్కాకి రోజూ వెన్న వాసన, కారులో ఫ్రెంచ్ బేకరీ సంచి. ఆఫీసు పేరు చెప్పి మా ఆయన ఎక్కడ మేస్తున్నారో నాకు తెలిసిపోయింది.

శనివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తూ కారు ఆ బేకరీ ముందే ఆపించాను.

"శనివారం గుడ్డు ముట్టని భక్తులు, దీనికా కక్కుర్తిపడేది?" అని గాజు అరలోని, పైన గుడ్డు పూసి కాల్చిన వెన్న పొరల క్రోసాంట్‌ని చూపించాను. "విరిస్తే అంతా గాలి! మన హారిస్ పార్క్ ఇండియన్ కొట్లో సమోసా వెయ్యి రెట్లు నయం."



కౌంటర్లోని తెలుగమ్మాయి నవ్వింది. "భాను అంకుల్, డే ఆఫ్ రోజు కూడా వచ్చేశారా? ఆంటీ, ఇవన్నీ నిన్న అంకుల్ చుట్టినవే."

"మరి ఆఫీసు?" అన్నాను.

"దీపావళికి ముందే నన్ను తీసేశారు," అన్నారాయన తలెత్తకుండా.

చొక్కా వాసన రోజూ పసిగట్టినదాన్ని, ఆ ముంజేతుల మీది కాలిన మచ్చలు అప్పుడే చూశాను.