గాలి తీసే చోటు

ఎండిన ఏటి ఒడ్డున జీపు ఆగింది. మునిచంద్ర దిగి ముందు టైరు దగ్గర కూర్చున్నాడు. బుస్సుమంటూ గాలి పోసాగింది.

మామిడిచెట్టు మీది నుంచి పడి కాలు విరిగిన చెంగల్రాయుడు వెనక సీట్లో మూలుగుతూ పళ్లు బిగబట్టాడు. భూమి తగాదాతో మాటలు మానేసిన తమ్ముడు, కబురందగానే బండి తెచ్చినప్పుడే అతనికి అనుమానం వచ్చింది.

"ఒరే, నేనీడ సస్తా ఉంటే గాలి తీస్తా ఉండావా? కసి తీర్సుకునేదానికి ఇదేనా సమయం?"

"గాలి తగ్గిస్తే టైరు పరుసుకుంటాది అన్నా. లేకుంటే ఇసకలో దిగబడిపోతాం. తారురోడ్డు ఎక్కినాక మళ్లా పంపుతో కొడతా."

"ఇసకలో ఎందుకురా? బాటన పో!"

మునిచంద్ర తలెత్తలేదు. "నీ బైకు పట్టేంత సందు ఇడిసి, బాటకు అడ్డంగా రాతికూసాలు నాటిచ్చినావు కదన్నా. జీపు పట్టదు."

చెంగల్రాయుడు చూపు దించుకున్నాడు. చివరి టైరు కూడా అయ్యాక మెల్లగా అడిగాడు.

"దినామూ ఇంతేనా?"

"ఇంతే. అమ్మకు గుండెనొప్పి వచ్చినపొద్దు కూడా ఈడనే ఆపినా. ఎందుకు ఆపినావని నీ మాదిరే అడిగింది."

"ఏం చెప్పినావు?"

"టైరు పంచరైందని చెప్పినా." మునిచంద్ర స్టీరింగు ముందు కూర్చున్నాడు. "మంచం దిగని మనిషి కదా. నీ కూసాల సంగతి తెలీకుండానే, ఏరు దాటేలోపల పోయింది."

జీపు ఇసుకలోకి దిగింది. ఆసుపత్రి చేరేదాకా చెంగల్రాయుడు మళ్లీ మూలగలేదు.