అచ్చం అలాగే

"తలుపు తియ్యవే తల్లీ. రెండు రోజులైంది," అంది అత్తగారు బయటినుంచి.

"తియ్యను అత్తయ్యా. మీకూ అంటుకుంటుంది," అంది లోపలినుంచి కోడలు.

"ఏమంటుకుంటుందే? చెమటకాయలా?"

కోడలు వెనక్కి తిరిగి చూసింది. మంచం మీద నాలుగేళ్ళ కూతురు బోర్లా పడుకుని కాళ్ళాడిస్తోంది. నోరు మూతపడదని ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. వీపు నిండా ఎర్రటి పొక్కులు. గాలికి పాకే రోగమని చదివింది కాబట్టి ఆమె కిటికీకి కూడా గడియ పెట్టేసింది. గదిలో ఉక్కకి గోడలే చెమటలు పట్టేలా ఉన్నాయి.

పోయిన సోమవారం పిల్ల కుందేలు బొమ్మల గౌను మారుస్తూ ఆ పొక్కులు చూసింది. ఫోటో తీసి, ఫోనులో తల్లుల గుంపొకటి ఉంటే అందులో పెట్టి, ఇదేంటో ఎవరికైనా తెలుసా అని అడిగింది. నలభై మంది నలభై మాటలు చెప్పారు. అక్కణ్ణుంచి తనే వెతకడం మొదలెట్టింది. ఒక పేజీ భయం లేదంటే ఇంకో పేజీ ఆలస్యం చెయ్యద్దంది. శనివారానికి దొరికింది, ఆ ఫోటో ఉన్న పేజీ.

అచ్చం పిచ్చుక వీపే. ఎడమ భుజం కింద గుత్తిగా ఏడు పొక్కులు, నడుము పైన వంకరగా ఒక వరస. కింద రాసి ఉంది: ఇది నెత్తుట్లోకి దిగే జబ్బు, ముట్టుకున్నా గాలి సోకినా అంటుతుంది, పిల్లని విడిగా ఉంచండి, మామూలు డాక్టర్లు దీన్ని చెమటకాయలని పొరబడతారు, వాళ్ళ మాట నమ్మి ప్రాణం మీదకి తెచ్చుకోకండి. దీనికి మా పూతమందు ఒక్కటే దారి.

ఆ మందుకి ఆర్డరు పెట్టి, పిల్లతో సహా వెనక గదిలో చేరి గడియ పెట్టుకుంది. నాకంటితే అంటనీ అనుకుంది.

సాయంత్రం భర్త వచ్చాడు. అతనిది తాళాలు బాగుచేసే కొట్టు. ఊళ్ళో ఎవరి తలుపు తాళం పడిపోయినా అతనికే కబురు. వచ్చి తలుపుకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఈ గడియ నాకు రెండు నిమిషాల పని," అన్నాడు. "కానీ నేను తియ్యను. నువ్వే తియ్యాలి."

"మీరా పేజీ చదవలేదు కాబట్టి అలా మాట్లాడుతున్నారు."

"నువ్వు పంపినవన్నీ చదివాను. ఎవరు రాశారో మాత్రం ఎక్కడా లేదు."

"ఎవరు రాస్తేనేం? ఫోటో అబద్ధమాడుతుందా?"

"పోనీ, డాక్టరమ్మకి ఒక్కసారి చూపిద్దాం."

"చెమటకాయలే అంటుంది. అలా అంటారని అందులో ముందే రాశారు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరు దగ్గరికి వెళ్తే మోసపోతుంది. వెళ్ళకపోతే, మందు వచ్చేలోపు ఆ జబ్బు ఎంతదాకా దిగుతుందో తెలీదు. ఆమె మళ్ళీ ఫోను తీసి మళ్ళీ ఆ పేజీయే చదివింది. ఎన్నోసారో లెక్కలేదు.

వెనకనుంచి గుసగుసలు వినిపిస్తే తిరిగి చూసింది. పిచ్చుక తన గుడ్డబొమ్మని గదిలో ఆ చివర గోడ వారగా కూర్చోబెట్టి, తను ఈ చివర కూర్చుని దానికి చెబుతోంది: "నా దగ్గరికి రాకు. నేను చెడ్డ జబ్బుదాన్ని. ఏడిస్తే మాత్రం నువ్వే కళ్ళు తుడుచుకోవాలి."

తల్లి లేచి గడియ తీసింది.

అరగంటలో ముగ్గురూ పిల్లల డాక్టరమ్మ ముందున్నారు. ఆవిడ లైటు వేసి వీపంతా చూసింది. జ్వరముందా, తింటోందా, ఆడుతోందా అని అడిగింది.

"చెమటకాయలు," అంది. "గాలి తగలనివ్వండి. పల్చటి నూలు బట్టలు వెయ్యండి. మూసిపెట్టబట్టే ఇంకా తగ్గలేదు."

భర్త గట్టిగా ఊపిరి వదిలాడు. ఆమె మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"మీరు ఇదే అంటారని తెలుసండి," అని ఫోను ముందుకి తోసింది. "ఇది చూసి చెప్పండి. పొక్కుకి పొక్కు సరిపోయింది. ఇన్ని సరిపోయాక ఆ జబ్బు కాదని నన్నెలా అనుకోమంటారు?"

డాక్టరమ్మ విసుక్కోలేదు. ఫోను పిల్ల వీపు పక్కన పెట్టి ఒక్కో పొక్కూ పోల్చి చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"నిజమేనమ్మా," అంది డాక్టరమ్మ. "ఒక్క పొక్కు కూడా తేడా లేదు. నా ఇరవయ్యేళ్ళలో ఇద్దరు పిల్లలకి ఇంత అచ్చంగా రావడం నేను చూడలేదు."

"అంటే అదేనా?" అంది తల్లి.

"మీ పాప ఫోటో ఎక్కడైనా పెట్టారా మీరు?"

"తల్లుల గుంపులో. పోయిన సోమవారం. ఎందుకండీ?"

డాక్టరమ్మ ఆ బొమ్మ మీద వేలితో తట్టింది. పేజీలో వీపు ముక్క మాత్రమే కనిపిస్తున్న ఫోటో పూర్తిగా తెరంతా పరుచుకుంది. తల్లి ఒళ్ళోకి ఎక్కి తొంగి చూసిన పిచ్చుక అంది:

"అమ్మా, నా కుందేలు గౌను ఇందులోకి ఎలా వచ్చింది?"