గోడ మీది మామ్మ

విశాఖలో ఇప్పుడు ఏ గోడ మీద బొమ్మ గీసినా గోడే దానికి ప్రాణం పోస్తుంది. ఏ రోజు ఏం గీయాలో ఒక ఆఫీసు రాసి పంపుతుంది. ఆ కాగితంలో రాసిన మాటను గోడలు జవదాటవు.

ఆ ఆఫీసులోనే సవర తెగకు చెందిన సుక్కమ్మ ఉద్యోగం. చనిపోయిన మామ్మ వచ్చి ఉండేందుకు సవరల ఆచారం ప్రకారం సుక్కమ్మ వాళ్ళింటి గోడ మీద వేసుకున్న బొమ్మను కిందటేడు పై అధికారి పరాంకుశం ‘అడవి మనుషుల డిజైను’ అని రాసి ఊరందరిచేతా గీయించాడు. జనం నవ్వుకుని సాయంత్రానికి తుడిచేశారు. సుక్కమ్మ పళ్ళు నూరుకుంది.

ఈ ఏడాది దాని మీద సవరల నుంచి ఫిర్యాదులొచ్చాయి.

"ఎవరి మనసూ నొప్పించకుండా, మీ ఆచారం ఎలాగుంటే అలాగే ఈసారి ఆ బొమ్మ గురించి నువ్వే రాయమ్మా," అన్నాడు పరాంకుశం.

ఆమె ఉన్నదున్నట్టు రాసింది. ‘ఈ బొమ్మ గీస్తే మా మామ్మ మీ ఇంటికొస్తుంది. రోజూ ముందు ఆమెకు గంజి పెట్టాలి. ఏడాది తిరిగేదాకా తుడవకూడదు.’ అతను చదవకుండానే సరేనన్నాడు. ఊరంతా గీసింది.

తెల్లారేసరికి అతని ఫోను.

"ఏటిది సుక్కమ్మా! గోడ మీద ముసల్ది గంజి తెమ్మని కేకలేస్తంది. ఎంత తుడిచినా పోట్లేదు!"

"ముసల్ది కాదు సార్, మామ్మ," అంది సుక్కమ్మ తాపీగా. "అలాగ పిలిచి పెట్టండి. గంజి సల్లారిపోతే తిడతాది."