సున్నా దగ్గర నిలవని గిటార్

“ఇంకొక్కసారి ఆలోచించండి,” అంది భార్య, గిటార్ అట్టపెట్టె మీద చెయ్యి వేసి.

“ఆలోచించడానికేముంది? కొని ఇవాళ్టికి ఏడో రోజు. ఈ పూట దాటితే షాపువాడు వెనక్కి తీసుకోడు,” అన్నాడు మెషిన్‌మాన్, ఆమె చెయ్యి మెల్లిగా తప్పించి పెట్టె మూత తెరుస్తూ.

ప్రింటింగ్ ప్రెస్‌లో ఇరవై ఆరేళ్లుగా ఒకటే మెషిన్ నడుపుతున్న మనిషి అతను. డ్యూటీ దిగేముందు ఇంకు నాబ్‌లన్నీ సున్నాకి తిప్పాకే చేతులు కడుక్కుంటాడు. ఒకసారి ఎవరో ఒక నాబ్ తెరిచి వదిలేసి వెళితే మర్నాడు వెయ్యి క్యాలెండర్ల మీద పసిపాప నీలంగా అచ్చయింది. అప్పట్నుంచి సున్నా అంటే అతనికి ప్రాణం. ఇంట్లో ఫ్యాను ఆపినా రెగ్యులేటర్ సున్నాకి తెచ్చిగానీ అక్కణ్ణుంచి కదలడు.

కొత్త ఎలక్ట్రిక్ గిటార్‌కీ అదే మర్యాద చేశాడు. రోజూ వాయించడం అయ్యాక మూడు నాబ్‌లనీ సున్నాకి తిప్పి, గొంతు మార్చే మీటని కింది చివరికి నెట్టి, గోడకి ఆనించి పెట్టేవాడు. మర్నాడు సాయంత్రం ఆలుమగలిద్దరూ పనుల నుంచి వచ్చేసరికి ఒక నాబ్ ఆరు మీద, ఇంకోటి నాలుగు మీద, మీట ఎక్కడో మధ్యలో ఉండేవి.

“వాటంతట అవే జారిపోతున్నాయే. మొన్న పెన్సిల్‌తో గీత గీసి మరీ చూశాను. లోపల బిగువు లేదు.”

“పోనీ, వేరేది మార్చుకోండి.”

“అదే కంపెనీ, అదే రకం. అదీ ఇంతే. సున్నా దగ్గర నిలవని మెషిన్‌ని నమ్మకూడదు.”

“అది మెషినేంటండీ, గిటారు! జారితే మళ్లీ తిప్పుకుంటే పోలా?”

అతను పెట్టెలోంచి బిల్లు వెతికి తీశాడు. కిటికీ పక్క కుర్చీలో అతని అత్తగారు పేపరు దించి కళ్లజోడు మీంచి చూశారు. గిటార్ ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆవిడ తేల్చి చెప్పేశారు, ఆ మోత తన చెవిన పడ్డానికి వీల్లేదని. అందుకే పాపం అతను హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, గదిలో ఒక మూల కూర్చుని వాయించుకునేవాడు.

“ఆదివారం పూట షాపు తీస్తారా?” అన్నారు అత్తగారు.

“ఒంటిగంట దాకా తీసే ఉంటుందండీ.”

“వానొచ్చేలా ఉంది మరి.”

బయట ఎండ పెళపెళా కాస్తోంది. అతను నవ్వు ఆపుకున్నాడు. ఎవరు ఏ పనికి బయల్దేరినా ఓ అడ్డుపుల్ల వెయ్యందే ఆవిడకి తోచదు. ఇంట్లో ఉన్నా పని ముట్టుకోవడం లేదు. కూరలు తరుగుతుంటే తెగాయని ఎడమచేతి వేళ్లకి ప్లాస్టర్లు చుట్టుకుని, నాలుగు రోజులుగా వంటగది వైపే రావడం మానేశారు.

“పోనీ ఆఖరిసారి వాయించుకుని వెళ్లండి,” అంది భార్య.

ఆ మాట అతనికి గుచ్చుకుంది. గిటార్‌ని ఒళ్లోకి తీసుకుని, వైరు మోత పెంచే చిన్న యాంప్‌లో గుచ్చి, నాబ్‌లు పైకి తిప్పి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. మీట ఒక చివర ఉంటే తీగ గంటలా ఖంగుమంది. ఒక మెట్టు జరిపితే గొంతు తడుపుకుని మెత్తబడింది. ఇంకో చివరకి నెడితే చిక్కగా, బరువుగా వచ్చింది. యాంప్ మీద ఎర్రబటన్ నొక్కాడో లేదో, పొద్దున్నే పాత మెషిన్ లేచి గుర్రుమన్నట్టు గుర్రుమంది. ఒక్క గిటార్‌లో ఇన్ని గొంతులు! పైగా ప్రెస్‌లో కుర్రాళ్లు పట్టుకు తిరిగే సెల్‌ఫోన్ ఖరీదులో సగం కూడా లేదు. పెళ్లికి ముందు నేర్చుకుని వదిలేసిన నాలుగు పాటలు ఈ వారంలో ఒక్కొక్కటే వేళ్లలోకి తిరిగొచ్చాయి. అతనికి నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది.

హెడ్‌ఫోన్స్ తీసేసరికి భార్య అతన్నే చూస్తోంది.

“ఈ వారం రోజులూ మీరు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, తెలుసా?” అంది.

“తెలుసు. అయినా నియమం నియమమే.”

మూడు నాబ్‌లూ సున్నాకి తిప్పాడు. మీట కిందికి నెట్టాడు. అలవాటుగా ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. గిటార్‌ని పెట్టెలో పడుకోబెట్టి టేపు అంటించాడు. బిల్లు జేబులో పెట్టుకుని, పెట్టె చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

“చెప్పులు తడుస్తాయి బాబూ,” అన్నారు అత్తగారు వెనకనుంచి.

“ఎండ మాడిపోతోందండీ.”

“ఇప్పుడు బస్సులు కూడా ఉండవు.”

“నడిచే వెళ్తానండీ. నాలుగు అడుగులేగా.”

“అమ్మా, ఎందుకే ఆయన్ని ఆపుతావు? ఆ మోతంటే నీకు పడదుగా. వెళ్లనీ,” అంది భార్య దిగులుగా.

అతను తలుపు తీశాడు. వెనకాల పేపరు విసురుగా మడిచిన చప్పుడైంది. అత్తగారు కుర్చీలోంచి లేచి గబగబా వచ్చి, ప్లాస్టర్లు చుట్టిన వేళ్లతో పెట్టె అంచు గట్టిగా పట్టుకున్నారు.

“లోపల పెట్టండి బాబూ, ఇంతోటిదానికి ఇంత రాద్ధాంతమా? రేపట్నుంచి నా పాట అయిపోగానే ఆ నాబ్‌లన్నీ నేనే సున్నాకి తిప్పి పెడతాలెండి!”