నొప్పి లేదు

"నొప్పి ఉందా?" అంటూ కుడి మోచేతి లోపలివైపు బొటనవేలితో గట్టిగా నొక్కాడు మెర్ల్.

లోవెల్ ప్రూట్‌కి కళ్ళల్లో నీళ్ళు తన్నుకొచ్చాయి. ఆవులింత వచ్చినవాడిలా నోరు తెరిచి, ఎడమచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"లేదు. రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదంతే."

మెర్ల్ ఆ బేస్‌బాల్ జట్టు ఆటగాళ్ళ ఒంటి బాగోగులు చూసే పెద్దాయన. లోవెల్ బంతులు విసిరే పిచ్చర్, ముప్పై నాలుగేళ్ళవాడు. నిరుడు మోచేతికి ఆపరేషన్ అయ్యాక ఒక్క ఆటా ఆడలేదు. అరిజోనా ఎండలో ఆరు వారాలుగా సాగుతున్న శిబిరం ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుంది. జట్టులో ఇరవై అయిదు పేర్లు ఖాయమయ్యాయి. మిగిలింది ఇరవయ్యారో పేరు. దానికి పోటీ ఇద్దరు: లోవెల్, ఇరవై రెండేళ్ళ యాన్సెల్ నీటో. ఇక్కడ చోటు దొరక్కపోతే లోవెల్‌ని పిలిచి ఆడించే జట్టు మరోటి లేదు. బంతి విసరడం తప్ప అతనికి వేరే విద్య రాదు.

మెర్ల్ ఒక కాగితం ముందుకు తోశాడు. పూర్తిగా కోలుకున్నానని లోవెల్ సంతకం చెయ్యాలి.

"పెట్టేముందు ఇంకోసారి ఆలోచించుకో. చొక్కా గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటున్నావు. నాకు కళ్ళు లేవనుకున్నావా?"

"ఆ నీటోగాడు నీకేమన్నా మేనల్లుడా పెద్దాయనా? వాడికోసం నన్ను పక్కకి నెట్టేద్దామనా?"

"నోర్ముయ్! నాకు జీతమిచ్చేది క్లబ్బు. ఇంతకుమించి నా నోటితో చెప్పలేను. నొప్పి ఉందని ఒక్క ముక్క అను, రాసుకుంటాను. గాయాల జాబితాలో వేస్తారు, నిమ్మళంగా కోలుకుంటావు."

"నిరుడంతా ఆ జాబితాలోనే కుళ్ళాను. ఇంక చాలు."

పక్కనే మంచునీళ్ళ తొట్టి చుట్టూ చేరిన కుర్రాళ్ళు ఈ గొడవంతా వింటున్నారు.

"తాతగారి మోచెయ్యి మొయ్యడానికో మనిషిని పెట్టండర్రా!" అని అరిచాడొకడు. అంతా విరగబడి నవ్వారు. అందరికంటే గట్టిగా లోవెలే నవ్వాడు. నవ్వకేం చేస్తాడు! 'దెబ్బతిని తొట్టిలో కూర్చున్నవాడికి జట్టులో చోటుండదు' అనే మాట ఈ ఆటలో అందరికీ ఉగ్గుపాలతో పోస్తారు. నొప్పి అన్నవాడు ఆ గదిలో మనిషి కింద లెక్కకాడు.

అంతలో మేనేజర్ బక్ టాలివర్ వచ్చాడు. పొద్దుతిరుగుడు గింజల పొట్టు కాగితం కప్పులోకి ఉమ్మి, లోవెల్ భుజమ్మీద చరిచాడు.

"ఏం ప్రూట్, ఎలా ఉన్నావ్? సగం మనిషి నాకొద్దయ్యా, నిండుమనిషి కావాలి. రేపు రెండు ఇన్నింగ్స్ వేస్తావా?"

"మూడు వేస్తా బాస్."

"శభాష్! అదీ మగాడి మాటంటే! ఆట అవగానే ఆ కాగితం ఇచ్చెయ్. చోటు నీకోసమే కాచుక్కూచుంది."

మర్నాడు పొద్దున్నే లోవెల్, ఇంటినుంచి వస్తూ వెంట తెచ్చుకున్న భార్య పళ్ళనొప్పి మాత్రలు రెండు మింగాడు. మైదానంలోకి వెళ్ళేముందు ఇంకో రెండు మింగాడు. మొదటి బంతికే మోచేతి నుంచి చిటికెనవేలి దాకా నిప్పు పాకింది. అయినా ఆగలేదు. వేగం కొలిచే యంత్రం గంటకి తొంభై మూడు మైళ్ళు చూపించింది. మూడో ఇన్నింగ్స్‌కి వేళ్ళలో బంతి ఉందో లేదో కూడా తెలియడం లేదు. పళ్ళు బిగబట్టి విసిరాడు. ఎదుటివాళ్ళకి ఒక్క పరుగు కూడా దక్కలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నీటో పరిగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు.

"నువ్వే గెలిచావన్నా. నేను చిన్న లీగుకి పోతాలే."

ఆట అయ్యాక, మెర్ల్ ఇచ్చిన కలం వేళ్ళ మధ్య నిలవడం లేదు. పసిపిల్లాడిలా గుప్పిట్లో పట్టుకుని సంతకం గీకాడు లోవెల్. మెర్ల్ ఆ గీతలకేసీ, అతని మొహంకేసీ మార్చిమార్చి చూశాడు.

"పిచ్చి సన్నాసీ!" అన్నాడు. కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

లోవెల్ భార్యకి ఫోన్ చేశాడు. "సామాను సర్దెయ్ జోలీన్. చోటు దొరికినట్టే" అన్నాడు. అవతల ఆమె ఏడ్చేసింది. అతనూ ఏడ్చాడు, సంతోషంతో సగం, నొప్పితో సగం.

తెల్లారి బక్ అతన్ని తన గదిలోకి పిలిచాడు. చెయ్యి చాచాడు. లోవెల్ పెదవి కొరుక్కుని ఆ చేతిలో తన చెయ్యి పెట్టాడు.

"నిన్ను వదిలేస్తున్నాం ప్రూట్."

లోవెల్‌కి అర్థం కాలేదు. "ఒక్క పరుగివ్వలేదు కదా బాస్!"

"ఇవ్వలేదు. బ్రహ్మాండంగా వేశావు. కానీ నీటో పేరు శిబిరం మొదలైన ఫిబ్రవరిలోనే రాసేశాం. వాడిక్కూడా ఇవాళే తెలుస్తుంది."

లోవెల్ గబగబా చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచెయ్యి బత్తాయిపండంత వాచిపోయి ఉంది.

"చూడండి బాస్, ఉన్నమాట చెప్పేస్తున్నా. నొప్పితో చచ్చిపోతున్నాను. మాత్రలు మింగి ఆడాను. ఈ చేత్తోనే తొంభై మూడు వేశానంటే, బాగుపడ్డాక ఎంత వేస్తానో ఆలోచించండి. రెండు నెలలు ఓపిక పట్టండి, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

బక్ ఆ మోచేతికేసి చూశాడు. బల్లమీద ఉన్న, లోవెల్ సంతకం చేసిన కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"దెబ్బ తగిలినవాణ్ణి తీసెయ్యడానికి రూలొప్పుకోదు ప్రూట్. ఈ ముక్క నిన్న సంతకానికి ముందు అనుంటే, చచ్చినట్టు ఏడాదంతా జీతమిచ్చి నిన్ను ఉంచుకునేవాళ్ళం."